బైకు మీద వేసుకునే తోలు జాకెట్: తరచుగా అడిగే ప్రశ్నలు

బైకు జారి రోడ్డు మీద పడ్డప్పుడు చాలా జాకెట్లలో తోలు అరిగిపోయే లోపే కుట్టు విడిపోతుంది. కుట్టు నిలిచినా, జాకెట్ వదులుగా ఉంటే మోచేతి ప్యాడ్ పక్కకు తిరిగిపోయి ఎముకే నేలకు తగులుతుంది. కొనేవాళ్ళు మాత్రం ముందు అడిగేది "ఇది ఏ తోలు?" అని. అదీ అడగాల్సిందే. కానీ కుట్టు, ప్యాడ్లు, కొలత అంతకంటే ముఖ్యం. కింది జవాబుల్లో వాటికే ఎక్కువ చోటిచ్చాం.

బట్టల షాపులో దొరికే తోలు జాకెట్ బైకుకు పనికిరాదా?

పనికిరాదు. అక్కడివి ఎక్కువగా 0.6 నుంచి 0.8 మిల్లీమీటర్ల మందం ఉన్న గొర్రె తోలుతో చేస్తారు. పట్టుకుంటే వెన్నలా మెత్తగా ఉంటుంది, తారు రోడ్డు మీద కాగితంలా చిరుగుతుంది. ఒంటి వరస కుట్టు ఉంటుంది. ప్యాడ్లు పెట్టే జేబులే ఉండవు. వాటిని పెళ్ళికో ప్రయాణానికో వేసుకోండి, బైకుకు వద్దు.

ఏ జంతువు తోలు తీసుకోవాలి?

ప్రపంచమంతటా బైకు జాకెట్లకు ఎక్కువగా వాడేది ఆవు, ఎద్దు తోలు. పీచు దట్టంగా ఉంటుంది, అరుగుదలను బాగా తట్టుకుంటుంది. మన దేశంలో తయారయ్యేవాటిలో గేదె తోలు చాలా కనిపిస్తుంది. అది బరువుగా, పైన గరుకు గీతలతో ఉంటుంది. అదే మందంలో ఆవు తోలుతో పోలిస్తే పీచు కాస్త వదులు కాబట్టి గేదె తోలైతే 1.3 మిల్లీమీటర్లకు తగ్గనివ్వకండి. చక్కగా పదును చేసిన గేదె తోలు జాకెట్ ఏళ్ళ తరబడి నిలుస్తుంది.

ఆవు తోలు వేసుకోవడం ఇష్టం లేనివాళ్ళకు గేదె కంటే మేక తోలు మంచి దారి. ఒకటి, ఒకటింబావు మిల్లీమీటరు మందంలోనే గట్టిగా ఉంటుంది. బరువు తక్కువ, మొదటి రోజు నుంచే ఒంటికి లొంగుతుంది. కంగారూ తోలు తేలికలో, గట్టిదనంలో అన్నిటికంటే మిన్న, అందుకే రేసింగ్ సూట్లలో వాడతారు. ధర కూడా ఆ స్థాయిలోనే ఉంటుంది.

జంతువు పేరు ఒక్కటే తెలిస్తే చాలదు, తోలులో ఏ పొర అన్నది కూడా తెలియాలి. పై పొరను చెక్కకుండా ఉంచినది ఫుల్ గ్రెయిన్. పై మచ్చల్ని రుద్ది, రంగు పూతతో కప్పినది కరెక్టెడ్ గ్రెయిన్. పై పొర తీసేశాక మిగిలిన కింది పొర స్ప్లిట్. గట్టిదనం పై పొరలోనే ఉంది కాబట్టి భుజం, మోచేయి దగ్గర స్ప్లిట్ ఉన్న జాకెట్ వద్దు. తోలు పొడిని జిగురుతో అతికించి చేసే బాండెడ్ లెదర్ బైకుకు అసలు పనికిరాదు. "జెన్యూన్ లెదర్" అని ముద్ర ఉందని మురిసిపోకండి. స్ప్లిట్ మీద కూడా ఆ మాట వేయొచ్చు.

మందం ఎంత ఉండాలి? షాపులో ఎలా కొలవాలి?

ఆవు తోలుకు 1.1 నుంచి 1.4 మిల్లీమీటర్లు. అంతకు మించితే వేసుకుని చేతులు ఆడించడం కష్టం.

కొలవడానికి డిజిటల్ వెర్నియర్ ఉంటే తీసుకెళ్ళండి. లేకపోతే మీ ఏటీఎం కార్డు చాలు, దాని మందం 0.76 మిల్లీమీటర్లు. జిప్పు పక్కనో లోపలి జేబు అంచునో తోలు ఒకే పొరగా ఉండే చోటు వెతికి, కార్డు అంచును పక్కన పెట్టి చూడండి. కార్డుకు ఒకటిన్నర రెట్లు ఉంటే మంచి తోలు. కార్డంత కూడా లేకపోతే తిరిగి ఇచ్చేయండి. మడతపెట్టిన అంచు దగ్గర చూస్తే మోసపోతారు, అక్కడ రెండు పొరలు ఉంటాయి.

ఇంకో పద్ధతి ఉంది. వీపు దగ్గర తోలును రెండు వేళ్ళతో మడిచి నొక్కండి. మందపాటి తోలు గుండ్రంగా మడత పడుతుంది, పల్చనిది కాగితంలా పదునైన గీత పడుతుంది.

అసలు తోలా, రెక్సినా? ఎలా తెలుస్తుంది?

కోసిన అంచు చూడండి. తోలుకు అంచులో చిక్కుపడిన పీచు కనిపిస్తుంది. రెక్సిన్‌కు కింద నేసిన గుడ్డ, పైన ప్లాస్టిక్ పొర విడివిడిగా కనిపిస్తాయి. లైనింగ్ జిప్పు తెరిచి వెనక వైపు తాకితే అసలు తోలు నూగుగా ఉంటుంది.

నీటి చుక్క వేసి చూడమని కొందరు చెబుతారు. రంగు పూత గట్టిగా ఉన్న అసలు తోలు కూడా నీటిని వెంటనే పీల్చదు కాబట్టి ఆ పరీక్షను నమ్మలేం. అగ్గిపుల్ల వెలిగించి చూడటం కూడా వద్దు, కొనకముందే జాకెట్ పాడవుతుంది. రెక్సిన్‌తో ఉన్న అసలు ప్రమాదం దాని రూపంలో లేదు. రోడ్డు మీద జారుతున్నప్పుడు రాపిడి వేడికి ప్లాస్టిక్ కరిగి చర్మానికి అంటుకుంటుంది.

లేబుల్ మీద "సీఈ" అని ఉంది. అది చాలా?

చాలదు. ఎక్కువమంది మోసపోయే చోటు ఇదే. "సీఈ" అంటే వస్తువు ఐరోపా నియమాలకు తగ్గట్టు ఉందని చెప్పే ముద్ర. అది చాలాసార్లు లోపలి ప్యాడ్లకే పరిమితం. జాకెట్‌ను ఎవరూ పరీక్షించకపోయినా, మంచి ప్యాడ్లు దూర్చి "సీఈ ఆర్మర్ ఉంది" అని అమ్మొచ్చు. అందులో అబద్ధం లేదు, కానీ జాకెట్ గురించి ఆ మాట ఏమీ చెప్పదు.

హెల్మెట్‌కు ఐఎస్ఐ మార్కు, ఐఎస్ 4151 ఎలాగో, జాకెట్‌కు చూడాల్సింది ఐరోపా ప్రమాణం ఈఎన్ 17092. జాకెట్ లోపల కుట్టిన గుడ్డ లేబుల్ మీద బైకు నడిపే మనిషి బొమ్మ, దాని పక్కన తరగతి, ప్రమాణం సంఖ్య, 2020 అన్న ఏడాది ఉండాలి. వేలాడే అట్టముక్క మీద ఉంటే సరిపోదు.

తరగతులు ఐదు. పైనుంచి ట్రిపుల్ ఏ (AAA), డబుల్ ఏ (AA), ఏ (A). తర్వాత బి, ఇది అరుగుదలలో "ఏ" తరగతితో సమానం కానీ ప్యాడ్లు ఉండవు. చివరిది సి, ఇది ప్యాడ్లను ఒంటి మీద నిలబెట్టే వల చొక్కా లాంటిది, అరుగుదలకు రక్షణ ఇవ్వదు. పరీక్షలో గుడ్డ ముక్కను తిరిగే యంత్రానికి బిగించి, కాంక్రీటు పలక మీదికి వదులుతారు. భుజం, మోచేయి లాంటి ఎక్కువ ప్రమాదమున్న చోట్లకు ట్రిపుల్ ఏలో గంటకు 120 కిలోమీటర్ల వేగంతో సమానమైన పరీక్ష ఉంటుంది. డబుల్ ఏలో అది 70, "ఏ"లో 45. అవి యంత్రం మీది లెక్కలు. "120లో పడ్డా ఏమీ కాదు" అని ఎవరైనా చెబితే నమ్మకండి.

హైవే మీద రోజూ తిరిగేవాళ్ళకు మా సలహా డబుల్ ఏ. మంచి తోలు జాకెట్లు ఎక్కువగా డబుల్ ఏ, ట్రిపుల్ ఏ తరగతుల్లోనే దొరుకుతాయి. తోలు జాకెట్ మీద "ఏ" తరగతి మాత్రమే ఉంటే కుట్టులోనో మందంలోనో ఎక్కడ తగ్గించారో వెతకండి.

ప్యాడ్లలో లెవెల్ 1, లెవెల్ 2 అంటే?

ప్యాడ్ మీద బరువును పడేసి, అవతలి వైపుకు ఎంత దెబ్బ చేరిందో కొలుస్తారు. భుజం, మోచేయి ప్యాడ్లకు ప్రమాణం ఈఎన్ 1621-1. అవతలికి చేరే సగటు బలం 35 కిలోన్యూటన్ల లోపు ఉంటే లెవెల్ 1, 20 లోపు ఉంటే లెవెల్ 2. వెన్ను ప్యాడ్లకు ఈఎన్ 1621-2. అక్కడ లెవెల్ 1 హద్దు 18, లెవెల్ 2 హద్దు 9. ఛాతీ ప్యాడ్లకు ఈఎన్ 1621-3. ఈ సంఖ్యలు ప్యాడ్ మీదే అచ్చు పోసి ఉంటాయి. జేబులోంచి బయటికి తీసి చదవండి.

మరో చిక్కు వెన్ను దగ్గర ఉంది. ట్రిపుల్ ఏ జాకెట్‌కు కూడా వెన్ను ప్యాడ్ తప్పనిసరి కాదు. చాలా కంపెనీలు ఆ జేబులో పల్చని స్పాంజి పెట్టి అమ్ముతాయి. నొక్కితే వెంటనే అణిగి ఏ సంఖ్యా కనిపించకపోతే అది జేబు ఆకారం నిలవడానికి పెట్టిన స్పాంజే. లెవెల్ 2 వెన్ను ప్యాడ్‌కు విడిగా డబ్బు పక్కన పెట్టుకోండి. కొనేముందు జేబు పొడవు, వెడల్పు కొలుచుకోండి, ఎందుకంటే ఒక కంపెనీ ప్యాడ్ ఇంకో కంపెనీ జేబులో పట్టకపోవడం మామూలే.

డీత్రీఓ, సాస్‌టెక్, నాక్స్ లాంటి కంపెనీల మెత్తని ప్యాడ్లు ఒంటి వేడికి సర్దుకుని, దెబ్బ తగిలినప్పుడు గట్టిపడతాయి. మన ఎండల్లో ఒక గుర్తు చూసుకోండి. ప్యాడ్ మీద ఇంగ్లీషు టీ అక్షరం, పక్కన ప్లస్ (T+) ఉంటే 40 డిగ్రీల వేడిలోనూ పరీక్షించారని అర్థం.

కుట్టు ఎలా ఉండాలి?

భుజం, మోచేయి, చేతి వెనక భాగం దగ్గర కనీసం రెండు వరసలు ఉండాలి. వాటిలో ఒకటి లోపల దాగి ఉంటే ఇంకా మంచిది, ఎందుకంటే పైన కనిపించే దారం రోడ్డుకు రాసుకుని తెగినా లోపలిది పట్టి ఉంచుతుంది. దారం నైలాన్ లేదా పాలిస్టర్ కావాలి. నూలు దారం చెమటకు, తడికి కుళ్ళిపోతుంది.

పరీక్ష ఇలా చెయ్యండి. భుజం అతుకుకు అటూ ఇటూ రెండు చేతులతో పట్టుకుని గట్టిగా లాగండి. మధ్యలో దారం బయటపడుతూ సందు కనిపిస్తే కుట్టు వదులు. కుట్లు మరీ దగ్గరగా ఉన్నా ప్రమాదమే. తోలులో సూది చేసిన రంధ్రం మూసుకోదు, కాబట్టి దగ్గర దగ్గరగా గుచ్చితే అక్కడ పోస్టు స్టాంపుల షీటులా చిరుగుతుంది. అంగుళానికి ఆరు నుంచి ఎనిమిది కుట్లు ఉంటే సరి.

అతుకులు ఎన్ని, ఎక్కడ అన్నది కూడా చూడండి. మోచేతి బయటి వైపు, అంటే నేలకు తగిలే చోట, ఒకే పెద్ద ముక్క ఉండాలి. చిన్న చిన్న ముక్కల్ని అందంగా అతికించిన జాకెట్‌లో ప్రతి అతుకూ చిరగడానికి ఒక చోటు.

జిప్పుల్లో ఏమి చూడాలి?

ముందు జిప్పు లోహంది అయితే దాని వెనక తోలు పట్టీ ఉండాలి, లేకపోతే పడ్డప్పుడు ఛాతీకి గుచ్చుకుంటుంది. మణికట్టు జిప్పు మూసినప్పుడు చెయ్యి మీద బిగుతుగా ఆగాలి. వెనక నడుము దగ్గర ప్యాంటుకు కలిపే జిప్పు తప్పక ఉండాలి. మనిషి జారేటప్పుడు జాకెట్ పైకి లేచి నడుము బయటపడుతుంది, దాన్ని ఆపేది ఆ జిప్పే.

ఏటవాలు జిప్పు పుట్టిందీ అవసరం నుంచే. 1928లో న్యూయార్క్‌లో ఇర్వింగ్ షాట్ తయారుచేసిన పెర్ఫెక్టో జాకెట్‌తో ఆ రూపం మొదలైంది. ఒక వైపు తోలు ఇంకో వైపు మీద పడి ఛాతీకి గాలి తగలనివ్వదు, ముందుకు వంగితే జిప్పు పొట్టకు ఒత్తుకోదు. నడిపేటప్పుడు మెడ దగ్గరి మడతలు గాలికి కొట్టుకోకుండా బొత్తాలు ఉండేలా చూసుకోండి.

సైజు ఎలా తేల్చుకోవాలి?

షర్టు 40 కాబట్టి జాకెట్ కూడా 40 అనుకోవడం పెద్ద పొరపాటు. రెడీమేడ్ షర్టుల మీద చాలావరకు ఉండే 39, 40, 42 కాలర్ చుట్టుకొలతలు, సెంటీమీటర్లలో. బ్రిటన్, అమెరికా జాకెట్ సైజు 40 అంటే ఛాతీ 40 అంగుళాలు. ఐరోపా సైజు 50 అంటే ఛాతీ 100 సెంటీమీటర్లు, అంటే సైజు సంఖ్య ఛాతీ కొలతలో సగం. పల్చని టీషర్టు మీద చంకల కింద నుంచి టేపు వేసి కొలిచి, ఆ కంపెనీ పట్టికతోనే పోల్చండి.

తర్వాత అద్దం ముందు కాకుండా, మీ బైకు మీదే కూర్చుని చూడండి. బైకు దగ్గర లేకపోతే కుర్చీలో కూర్చుని చేతులు హ్యాండిల్ పట్టుకున్నట్టు చాచండి. జాకెట్ చెయ్యి మణికట్టు ఎముక దాకా రావాలి. నిలబడితే కాస్త పొడుగనిపించడం సరైన గుర్తే. మోచెయ్యి వంచి, పక్కవాళ్ళను జాకెట్ చెయ్యి పట్టి లాగమనండి, తిప్పమనండి. ప్యాడ్ ఎముక మీదనుంచి జరిగితే ఆ సైజు వద్దు. మెడ దగ్గర రెండు వేళ్ళు దూరాలి. చేతులు పూర్తిగా పైకెత్తితే నడుము బయటపడకూడదు.

ముందుకు వంగి నడిపే స్పోర్ట్స్ బైకు జాకెట్లను చేతులు వంచి కుడతారు. నిటారుగా కూర్చునే బుల్లెట్, క్రూజర్ మీద అవి వేసుకుంటే భుజాలు లాగుతాయి. బైకు మారితే జాకెట్ కోత కూడా మారాలి.

కొత్త తోలు కొంచెం బిగుతుగా ఉన్నా పర్వాలేదు, వాడేకొద్దీ మోచేతుల దగ్గర, వీపు మీద సాగుతుంది. ఊపిరి పీల్చడానికి ఇబ్బందైతే మాత్రం అది సాగి సర్దుకునే బిగుతు కాదు. "ఇంకో చొక్కా పడుతుందిలే" అని ఒక సైజు పెద్దది తీసుకుంటే ప్యాడ్లన్నీ తప్పిపోతాయి.

మన ఎండల్లో తోలు జాకెట్ వేసుకోగలమా?

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, లంబసింగి, అరకు లాంటి చోట్లకు వెళ్ళేటప్పుడు, తెల్లవారుజాము హైవేల మీద, తోలును మించినది లేదు. మే నెల మధ్యాహ్నం విజయవాడ ట్రాఫిక్‌లో అయితే వేసుకోలేరు, ఆ మాట దాచిపెట్టడం మంచిది కాదు. అలాంటి రోజులకు "ఏ" లేదా డబుల్ ఏ తరగతి వల జాకెట్ (గాలి ఆడే మెష్ గుడ్డది) విడిగా ఉంచుకోండి. ఇంట్లో మేకుకు వేలాడే ట్రిపుల్ ఏ తోలు కంటే ఒంటి మీదున్న వల జాకెట్ మేలు.

ఒక్క జాకెట్టే కొనగలిగితే ఛాతీ మీద, చేతుల లోపలి వైపు చిల్లులున్న తోలు తీసుకోండి. చిల్లులు భుజం మీద, మోచేతి మీద ఉండకూడదు, అక్కడ తోలు బలం తగ్గుతుంది. నలుపుకంటే లేత రంగు తక్కువ వేడెక్కుతుంది.

లోపల నూలు బనియన్ బదులు పొడుగు చేతుల పల్చని పాలిస్టర్ టీషర్టు వేసుకోండి. చెమట త్వరగా ఆరుతుంది, చెమటలోని ఉప్పు తోలుకు అంటదు. గాలి 38, 40 డిగ్రీలు దాటిందంటే చర్మం కంటే వేడిగా ఉన్నట్టే. అప్పుడు నేరుగా తగిలే గాలి ఒంటిని ఇంకా వేడెక్కిస్తుంది, త్వరగా ఎండగడుతుంది. టీషర్టును తడిపి, పిండి, చిల్లుల జాకెట్ కింద వేసుకుంటే అరగంట, ముప్పావుగంట చల్లగా ఉంటుంది. మళ్ళీ తడపాలి, నీళ్ళు కూడా తాగుతూ ఉండాలి.

వానలో తడిస్తే? బూజు పడితే?

తడవడం వల్ల తోలు పాడవదు, తప్పుగా ఆరబెట్టడం వల్ల పాడవుతుంది. పొడిగుడ్డతో అద్ది, జేబులు ఖాళీ చేసి, ప్యాడ్లు తీసి, వెడల్పు భుజాలున్న హ్యాంగర్‌కు వేసి, నీడలో ఫ్యాను గాలికి ఉంచండి. ఒకటి రెండు రోజులు పడుతుంది. ఎండలో వేసినా, హెయిర్ డ్రయ్యర్ పెట్టినా తోలు బిరుసెక్కి పగులుతుంది. వానకు విడిగా రెయిన్‌కోటు పైన వేసుకోవడమే సరైన పద్ధతి.

ముసురు పట్టిన రోజుల్లో బీరువాలో పెట్టిన జాకెట్ మీద తెల్లగా బూజు వస్తుంది, కోస్తా ఊళ్ళలో మరీ ఎక్కువ. బయటికి తీసుకెళ్ళి పొడి బ్రష్‌తో దులపండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నీళ్ళు సమానంగా కలిపి, గుడ్డను తడిపి పిండి తుడవండి. రంగు పోతుందేమో ముందు లోపలి అంచున చూసుకోండి. పూర్తిగా ఆరాక తోలు కండిషనర్ (తోలును మెత్తగా ఉంచే పూత) రాయాలి. ప్లాస్టిక్ కవరులో మూసిపెట్టకండి, పాత నూలు దుప్పటి కప్పితే చాలు. తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు జేబుల్లో వేయండి.

కొబ్బరినూనె రాయొచ్చా?

వద్దు. మొదటి రోజు నిగనిగలాడుతుంది. తర్వాత దుమ్ము పట్టి జిడ్డెక్కి, కొన్నాళ్ళకు మక్కిన వాసన వస్తుంది. పైగా ఎక్కువ నూనె తాగిన తోలు మెత్తబడి కుట్టు దగ్గర సాగుతుంది. చెప్పుల పాలిష్ కూడా వద్దు, చొక్కాకు, సీటుకు అంటుతుంది.

తోలు కండిషనర్ ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందు మే చివర్లో, వానలు తగ్గాక అక్టోబరు, నవంబరులో రాస్తే సరిపోతుంది. జాకెట్ మొత్తానికి నాలుగైదు టీస్పూన్లు మించకూడదు. తడిగుడ్డతో దుమ్ము తుడిచి, ఆరాక, మెత్తని గుడ్డతో పల్చగా రాసి, రాత్రంతా వదిలి, మిగిలింది తుడిచేయండి.

కొలతలిచ్చి కుట్టించుకోవచ్చా?

కుట్టించుకోవచ్చు, కానీ దానికి తరగతి ముద్ర ఉండదు. అంటే కుట్టు బాధ్యత మీరు చూసుకోవాలి. తమిళనాడులోని ఆంబూరు, రాణిపేట, వాణియంబాడి, ఉత్తరాన కాన్పూరు, తూర్పున కోల్‌కతా తోలు వ్యాపారానికి పేరున్న ఊళ్ళు. తోలును చదరపు అడుగుల లెక్కన అమ్ముతారు. ఒక జాకెట్‌కు, కోతలో పోయేదానితో కలిపి, 35 నుంచి 40 చదరపు అడుగులు కావాలి.

ఆర్డర్ ఇచ్చేటప్పుడు కాగితం మీద రాయించుకోవాల్సినవి: మందం, ఫుల్ గ్రెయిన్ అన్న మాట, బాండెడ్ నైలాన్ దారం (పోగులు విడిపోకుండా పూత పూసినది), భుజం, మోచేయి దగ్గర రెండు వరసల కుట్టు, వెన్ను ప్యాడ్ జేబు కొలత. ప్యాడ్లు ముందే కొని కుట్టేవారి చేతికివ్వండి. జేబు కుట్టాక ప్యాడ్ వెతకడం మొదలుపెడితే ఏదో ఒకటి వదులైపోతుంది.

ఆడవాళ్ళు మగవాళ్ళ జాకెట్లో చిన్న సైజు వేసుకుంటే సరిపోదా?

సరిపోదు. ఛాతీ దగ్గర బిగుతై, భుజాల దగ్గర వదులై భుజం ప్యాడ్ కిందికి జారుతుంది. ఆడవాళ్ళ కోతలో నడుము దగ్గర ఒంపు, తుంటి దగ్గర వెడల్పు ఉంటాయి. వెనక కూర్చునేవాళ్ళకూ ఇదే నియమం, పడితే వాళ్ళూ అదే రోడ్డు మీద పడతారు.

ఎయిర్‌బ్యాగ్ వెస్ట్ వాడాలంటే?

పడ్డప్పుడు గాలితో ఉబ్బి ఒంటిని కాపాడే చేతుల్లేని కోటు ఇది. జాకెట్ మీద వేసుకునేదైతే జాకెట్ కోత మారదు. లోపల వేసుకునేదైతే అది ఉబ్బడానికి చోటుండాలి, కంపెనీ చెప్పిన ఖాళీ ఛాతీ చుట్టూ ఉందో లేదో వెస్ట్ వేసుకునే కొలుచుకోండి. బిగుతు తోలు కింద ఎయిర్‌బ్యాగ్ పేలితే పక్కటెముకల మీదే ఒత్తిడి పడుతుంది.

సెకండ్ హ్యాండ్ జాకెట్ కొంటే ఏం చూడాలి?

లైనింగ్ తిప్పి లోపలి కుట్లు మొత్తం చూడండి. చంకలో చెమటకు తోలు బిరుసెక్కిందా, మోచేతి ముడతల్లో పగుళ్ళున్నాయా అని వేళ్ళతో వంచి చూడండి. పగులు రంగు పూతలోనే ఉంటే కండిషనర్‌తో కుదురుతుంది, పీచు కనిపిస్తే కుదరదు. ఒక భుజం మీదే కొత్త రంగు వేసినట్టుంటే అది పడిన జాకెట్ అయ్యుండొచ్చు. పాత ప్యాడ్లను లెక్కలోకి తీసుకోకండి, స్పాంజి ఏళ్ళు గడిస్తే పొడిపొడిగా రాలుతుంది. కొత్త ప్యాడ్ల ఖర్చు కూడా కలిపి ధర మాట్లాడండి.

ఒకసారి పడ్డాక అదే జాకెట్ వాడొచ్చా?

పైపైన గీతలు పడితే వాడొచ్చు. తోలు పీచు లేచి మందం తగ్గిన చోట, గోటితో గీకితే దూదిలా ఊడే చోట ముక్క మార్పించాలి. కుట్టు ఒక్క చోట తెగినా ఆ వరస మొత్తం విప్పి మళ్ళీ వేయించండి. పాత రంధ్రాల్లోంచే సూది పోవాలని, నైలాన్ దారమే వాడాలని గట్టిగా చెప్పండి, లేకపోతే వీధి చివర రిపేరులో కొత్త రంధ్రాలు పడి అతుకు ఇంకా బలహీనమవుతుంది. దెబ్బ తగిలిన వైపు ప్యాడ్లు బయటికి బాగానే కనిపించినా మార్చండి. జిప్పు పళ్ళు వంగాయేమో, నడుము జిప్పు పూర్తిగా ఎక్కుతుందో లేదో బైకు ఎక్కే ముందే చూసుకోండి.